నాకే భావజాలమూ లేదండీ!

ఈమధ్య వచ్చే కథల పుస్తకాల్లో ముందుమాటలు తిరగేస్తే ఎక్కడో ఒకచోట ఈ మాట తగులుతుంది: ఈ రచయితకి ఏ ఇజమూ లేదు, జీవితాన్ని ఉన్నదున్నట్టు రాశాడు. ఆవిష్కరణ సభల్లో వక్తలు ఇదే సంగతి ఇంకాస్త గొంతు పెంచి చెప్తారు. కింద కూర్చున్నవాళ్లు చప్పట్లు కొడతారు. మా ఆఫీసు క్యాంటీన్లో కుర్రాళ్లు కూడా అదే అంటారు, కాకపోతే ‘అన్నా, నేను న్యూట్రల్’ అంటారు. మొత్తానికి భావజాలం అనేది ఎదుటివాడికి తగిలే జబ్బు. మనకున్నది మాత్రం ఇంగితజ్ఞానం.

ఈ మాట విన్న ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. చెప్పేవాళ్లు అబద్ధం చెప్తున్నారని కాదు. నిజంగానే నమ్మి చెప్తారు, అదే తంటా. తన కోడ్‌లో బగ్ లేదని నమ్మినవాడితో పనిచేసినవాళ్లకి ఈ అవస్థ తెలుసు. వాణ్ని స్క్రీన్ దగ్గరికి తీసుకురావడమే పెద్ద పని.

ఆ పదానికి ఒక చిన్న చరిత్ర ఉంది. 1796లో ఫ్రాన్సులో దెస్త్యూ ద ట్రాసీ అనే ఆయన ‘ఐడియాలజీ’ అన్న మాట పుట్టించాడు. మనిషికి ఆలోచనలు ఎక్కణ్ణుంచి వస్తాయో జంతుశాస్త్రం చదివినంత పద్ధతిగా చదవాలన్నది ఆయన ఉద్దేశం. దాన్ని తిట్టుగా మార్చింది నెపోలియన్. 1812లో రష్యాలో చావుదెబ్బ తిని వచ్చాక, దేశానికి పట్టిన దరిద్రానికంతటికీ ఈ ఐడియాలజీవాళ్లే కారణమన్నాడు. సైన్యాన్ని మంచులోకి తోలింది తను, నింద మాత్రం పుస్తకాలు రాసుకునేవాళ్ల మీద. మన సభల్లో ఇవాళ నడిచేది సరిగ్గా ఈ నెపోలియన్ అర్థమే. తర్వాత మార్క్స్, గ్రాంసీ, అల్తూసర్ ఆ మాటని ఎటెటు తీసుకెళ్లారో ఇక్కడ అప్పజెప్పను. గ్రాంసీ దగ్గర ఒక్కటి మాత్రం అప్పు తీసుకుంటా: అధికారం నినాదాల్లో కన్నా, ‘అందరికీ తెలిసిందేగా’ అనుకునే మాటల్లో ఎక్కువ హాయిగా కాపురం ఉంటుంది.

తెలుగులో మనం పెట్టుకున్న పేరు ఇంకా బాగుంది. జాలం అంటే వల కూడా. భావాల వల. గోదావరిలో వల వేసేవాళ్లని అడగండి, కనపడే వలలో చేప పడదు.

నా మటుకు నేను దీన్ని ఇలా అర్థం చేసుకున్నాను. ఒక సమాజంలో రుజువు ఎవరు చూపించాలి, ఎవరి మాట రుజువు లేకుండానే చెల్లుతుంది? ఈ పంపకమే భావజాలం. పార్టీ జెండా, ఎర్ర చొక్కా, కాషాయ కండువా, ఇవన్నీ తర్వాతి సంగతులు. వాటిని చూసి గుర్తుపట్టొచ్చు, తిట్టొచ్చు, వదిలెయ్యొచ్చు. రుజువుల పంపకం మాత్రం అంత తేలిగ్గా కంటికి ఆనదు.

ఇది నాకు పుస్తకాల్లో కన్నా ముందు పెరిగిన చోట కనపడింది. మాది బూర్గంపాడు వైపు. మా తాత కృష్ణా జిల్లా నుంచి పొగాకు వెయ్యడానికి గోదావరి ఒడ్డుకొచ్చాడు. అంటే మేం ఏజెన్సీలో ఉండే గిరిజనేతరులం. ఖమ్మం, పాల్వంచ, భద్రాచలం బస్సుల్లో తిరుగుతూ పెరిగినవాడికి కొన్ని మాటలు ఎవరూ నేర్పకుండానే వస్తాయి. కోయవాళ్లు అడవి కొట్టి చేను చేసుకుంటే దాని పేరు ‘ఆక్రమణ’. ఓపెన్‌కాస్ట్ బొగ్గుగని కోసం అడవి పోతే దాని పేరు ‘మళ్లింపు’. నేను వెటకారానికి అంటున్నది కాదు. 1980 అటవీ సంరక్షణ చట్టం కింద ఫైళ్లలో నడిచే మాటే అది, అటవీ భూమి మళ్లింపు. గొడ్డలితో పోతే ఆక్రమణ, ఫైలుతో పోతే మళ్లింపు. కాలవ మళ్లినట్టు అడవి కూడా ఎటో మళ్లి వెళ్లిపోయిందన్నమాట. ఎటు వెళ్లిందో సత్తుపల్లి, మణుగూరు గనుల అంచున నిలబడి చూడొచ్చు.

జామాయిల్ సంగతి చూడండి. సారపాకలో పేపరు మిల్లు ఉంది. అటు సత్తుపల్లి, అశ్వారావుపేట దాకా ఎక్కడ చూసినా జామాయిల్ తోటలే. కొన్ని రైతులవి, కొన్ని అటవీ అభివృద్ధి సంస్థవి. ఒకే జాతి చెట్టు, గీత గీసినట్టు వరసలు, కొన్నేళ్లకోసారి మొదలంటా నరికి లారీలకెత్తడం. మామూలు భాషలో దీన్ని పంట అంటారు. అదే అటవీ సంస్థ నేలలో ఉంటే రికార్డుల్లో అది అడవి. దాని పక్కనే జొన్న, కంది కలిపి చల్లి, ఇప్పచెట్టుని మాత్రం నరక్కుండా వదిలిన పోడు చేను అడవి నాశనం. ఇందులో ఎవరూ చీకట్లో కూర్చుని కుట్ర చెయ్యలేదు. బస్సు కిటికీలోంచి చూస్తే జామాయిల్ పచ్చగానే కనపడుతుంది, కొత్తగా కొట్టిన పోడు నల్లగా, బోడిగా కనపడుతుంది. కిటికీ సీటు కూడా ఒక చూపే కదా.

పేర్ల గురించి మాట్లాడుతూ భద్రాచలం రామదాసుని తలుచుకోకపోతే బాగుండదు. సర్కారు సొమ్ము అనుమతి లేకుండా ఖర్చుపెట్టిన పాల్వంచ తహశీల్దారుని గోల్కొండ నవాబు ఖైదు చేశాడు. మనం భక్తుడని పిలుస్తాం. నాకే పేచీ లేదు, నేనూ ఆ కీర్తనలు వింటూ పెరిగినవాణ్నే. కాకపోతే స్థలపురాణం ప్రకారం ఆయనకన్నా ముందు ఆ కొండ మీద దేవుణ్ని కనుక్కున్న ఆదివాసీ ఆడమనిషి పోకల దమ్మక్క. ఆవిడ గురించి ఒక్క ముక్క చెప్పమని హైదరాబాదులో పదిమందిని అడిగి చూడండి.

ఇక కాగితాల దగ్గరికొద్దాం. 2006 అటవీ హక్కుల చట్టం తన పీఠికలోనే అడవిలో ఉండేవాళ్లకి చారిత్రక అన్యాయం జరిగిందని ఒప్పుకుంది. ఒప్పుకున్న తర్వాత, ఆ అన్యాయం జరిగినవాణ్నే సాక్ష్యం తెమ్మంది. 2005 డిసెంబరు 13కి ముందునుంచీ అక్కడున్నట్టు ఆదివాసీ చూపించాలి. గిరిజనేతరుడైతే మూడు తరాలు, అంటే 75 ఏళ్లు. నియమాలు రాసినవాళ్లకి ఇందులో ఇబ్బంది తెలియకపోలేదు. ఊరి పెద్దల వాంగ్మూలం పనికొస్తుందన్నారు, పాత బావి, శ్మశానం కూడా సాక్ష్యమేనన్నారు. ఫలానా కాగితమే కావాలని పట్టుబట్టొద్దని 2012లో ఇంకా విడమర్చి రాశారు. శాటిలైట్ ఫొటో తోడు సాక్ష్యమే గానీ మిగతావాటికి బదులు కాదన్నారు. రాతలో అంతా బాగానే ఉంది. బల్లకి అవతల కూర్చున్న మనిషికి మాత్రం ముసలవ్వ మాట వింటే అనుమానం, శాటిలైట్ ఫొటో చూస్తే నమ్మకం. అవ్వ అబద్ధం చెప్పొచ్చు, శాటిలైట్ చెప్పదు అని ఆయన నమ్మకం. ఆ ఫొటోని చదివేది కూడా ఇంకో బల్ల దగ్గర కూర్చున్న ఇంకో మనిషేనన్నది ఆయనకి తట్టదు. తమాషా ఏంటంటే, పోడు కొట్టినందుకు ఫారెస్టోళ్లు ఎప్పుడో రాసిన కేసు కాగితమే సాగు ఉందనడానికి గట్టి సాక్ష్యంగా పనికొస్తుంది. నువ్వు దొంగవని మేమే రాసిపెట్టుకున్నాం కాబట్టి నువ్వక్కడ ఉన్నావని ఒప్పుకుంటాం అన్నట్టు.

2019 ఫిబ్రవరి 13న, దరఖాస్తులు తిరస్కరణకి గురైనవాళ్లని ఖాళీ చేయించమని సుప్రీంకోర్టు ఆదేశం ఇచ్చింది. దేశమంతా గగ్గోలయ్యాక ఫిబ్రవరి 28న దాన్ని ఆపింది. ఆ పదిహేను రోజులూ కాగితం లేనివాడు నేల మీద లేనట్టే. 2023 జూన్ 30న తెలంగాణలో 1.51 లక్షల మందికి 4.06 లక్షల ఎకరాల పోడు పట్టాలిచ్చారు. అందులో పెద్ద వాటా భద్రాద్రి కొత్తగూడెం జిల్లాదే. మంచి పని, కాదనను. కానీ మనందరం దాన్ని ‘పట్టాల పంపిణీ’ అన్నాం. ఆ చట్టం పూర్తి పేరులో ఉన్న మాట ‘గుర్తింపు’. ఉన్న హక్కుని గుర్తించడం వేరు, లేనివాడికి పంచిపెట్టడం వేరు. పంచేవాడు దాత అవుతాడు, తీసుకునేవాడు దణ్ణం పెట్టాలి. ఒక్క మాట మారితే ఎవరి చెయ్యి పైనుండాలో కూడా మారిపోయింది.

చట్టాల భాషలో నాకు బాగా ఇష్టమైన క్రియ ఒకటుంది: ‘భావించవలెను’. భావజాలం అన్న మాటకి ఇంతకన్నా దగ్గరి చుట్టం దొరకదు. 2014 రాష్ట్ర పునర్విభజన చట్టంలో 90వ సెక్షన్ పోలవరాన్ని జాతీయ ప్రాజెక్టు చేసింది. ఆ ప్రాజెక్టుకి తెలంగాణ అనుమతి ఇచ్చినట్టే భావించాలని అందులోనే రాసింది. ఇంకా పుట్టని రాష్ట్రం అప్పటికే ఒప్పేసుకుంది. 2014 మే 29 ఆర్డినెన్సుతో చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు పూర్తిగా, భద్రాచలం, బూర్గంపాడు మండలాల్లో కొంత భాగం ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. పట్టణం ఇటు, పక్కనున్న ఊళ్లు అటు. లక్షకు పైగా కుటుంబాలు కదలాల్సిన ప్రాజెక్టు అది. వాళ్లు ఒప్పుకున్నట్టు భావించడానికి ఆ చట్టంలో ఒక్క వాక్యం సరిపోయింది. అదే కుటుంబం పరిహారం అడిగితే మాత్రం ఆధార్, రేషన్ కార్డు, ఇంటి నంబరు, పెళ్లయిన కొడుకు వయసు, అన్నీ కావాలి.

అదే క్రియ ఇంకోచోట తిరగబడింది. ఏజెన్సీలో అందరూ ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అని పిలిచే చట్టం, 1959 భూబదలాయింపు నిబంధనకి 1970లో వచ్చిన సవరణ. అందులో ఒక అద్భుతమైన మాట ఉంది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, కాదని రుజువయ్యేదాకా, అది గిరిజనుడి దగ్గర్నుంచి వచ్చిందనే భావించాలి. అంటే కాగితాలు పట్టుకుని తిరగాల్సింది మా తాత, కోయదొర కాదు. భారతదేశంలో రుజువు బరువుని ఇలా కింద నుంచి పైకి ఎత్తిన చట్టాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 1988లో సుప్రీంకోర్టు కూడా ఇది చెల్లుతుందంది.

మా ఇళ్లల్లో ఆ చట్టం పేరెత్తితే వచ్చే మాటలు వేరు. ‘ఈ దిక్కుమాలిన వన్ ఆఫ్ సెవెంటీ లేకపోతే మన ఎకరం ఎంత పలికేదిరా!’ పెళ్లి సంబంధాల దగ్గర, పండగ భోజనాల దగ్గర ఇదే. ఇలా అనేవాళ్లెవరూ తమకో భావజాలం ఉందనుకోరు. అది భూమి రేటు గురించిన మామూలు బాధ. ఆ చట్టాన్ని అమలు చెయ్యాలనే సంఘంవాళ్లకి మాత్రం భావజాలం ఉంది. ‘వాళ్లు లెఫ్టోళ్లు’ అని ఒక్క మాటలో తేల్చేస్తారు.

ఇక్కడే భావజాలం వల్ల సమాజానికి పనేంటో కూడా తెలుస్తుంది. 1970 సవరణ ఏ కలెక్టరుకో రాత్రికి రాత్రి పుట్టిన దయ కాదు. శ్రీకాకుళంలో గిరిజనులు తిరగబడిన రోజులవి. అంతకు ముందు తొంభై ఏళ్ల వెనక్కి వెళ్తే 1879 రంప తిరుగుబాటు, దాని వేడి భద్రాచలం తాలూకా దాకా తగిలింది. కల్లు మీద చిగురుపన్ను, అడవి మీద ఆంక్షలు, మన్సబుదారు దోపిడీ. పన్ను కట్టలేక ఒక్కడు ఏడిస్తే అది వాడి ఖర్మ. వందమంది కలిసి ‘ఈ పన్ను ఎవడు వెయ్యమన్నాడు, వాడి రుజువేంటి?’ అన్నప్పుడు అది రాజకీయం. ఒంటరి బాధని ఇలా అడిగే స్థాయికి తెచ్చేది భావజాలమే, వేరే మందు లేదు. ఇల్లెందు, గుండాల అడవుల్లో పోడు ఈ మాత్రమైనా నిలబడిందంటే దాని వెనక ఎర్రజెండా సంఘాల దశాబ్దాల పని ఉంది. ఆ సంఘాలతో నాకు సవాలక్ష తగాదాలున్నాయి, కొన్నిటి గురించి ముందు చెప్తాను. కానీ ‘భావజాలం లేకుండా ఉంటే సమాజం ప్రశాంతంగా ఉండేది’ అనేవాళ్లు, ఆ ప్రశాంతతలో భూమి ఎవరి పేరున ఉండేదో కూడా చెప్పాలి.

నా వృత్తిలోంచి ఒక ఉదాహరణ చెప్పకుండా ఉండలేను. తెలంగాణలో 2017 సెప్టెంబరులో భూరికార్డుల ప్రక్షాళన మొదలైంది, 2020లో ధరణి పోర్టల్ వచ్చింది. పాత పహాణీలో పట్టాదారు కాలమ్ పక్కన అనుభవదారు కాలమ్ ఉండేది. భూమి ఎవరిదో ఒకచోట, దున్నుతున్నదెవరో ఇంకోచోట. కొత్త రికార్డులో ఆ రెండో కాలమ్ తీసేశారు. డేటాబేస్ పని చేసేవాళ్లకి తెలుసు, ఒక కాలమ్ తియ్యడం నిమిషం పని. తీసినప్పుడు ఎర్రర్ రాదు. తెర మీద అంతా ముందుకన్నా శుభ్రంగా కనపడుతుంది. కానీ ఆ నిమిషంతో కౌలుదారు అనే మనిషి రికార్డులో లేకుండా పోయాడు. 2018లో రైతుబంధు వచ్చినప్పుడు డబ్బు పట్టాదారు ఖాతాలో పడింది. దున్నేవాడు తాను దున్నుతున్నానని చెప్పుకోవడానికి ఒక గడి కూడా లేదు. ఆ పోర్టల్లో ఎక్కడా ఒక్క నినాదం లేదు. అంత గట్టి భావజాలం నేను ఏ కరపత్రంలోనూ చూడలేదు.

ఇప్పుడు అన్నిటికన్నా కష్టమైన చోటికి రావాలి. 2022 నవంబరు 22న చండ్రుగొండ మండలం ఎర్రబోడు దగ్గర ప్లాంటేషన్ గొడవలో ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ శ్రీనివాసరావుని గొత్తికోయలు నరికి చంపారు. అది హత్య. ఉద్యోగం చేసుకుంటున్న ఒక మనిషిని చంపడం. ఇందులో ‘కానీ’లు లేవు. 2023లో కొత్తగూడెం కోర్టు ఇద్దరికి యావజ్జీవం వేసింది. చట్టం చెయ్యాల్సిన పని అది, చేసింది.

ఆ తర్వాత జరిగినది చూడండి. కొద్ది రోజులకే బెండాలపాడు గ్రామసభ ఒక తీర్మానం చేసింది: ఎర్రబోడు గుంపులో ఉన్న గొత్తికోయలందర్నీ ఛత్తీస్‌గఢ్‌కి పంపెయ్యాలని. ఇద్దరు చంపారు, గుంపు మొత్తానికి బహిష్కారం. అందులో పసిపిల్లలు కూడా ఉంటారు కదా అని ఆ వారం టీవీ చర్చల్లో అడిగినవాళ్లు తక్కువ, ‘వీళ్లసలు ఎక్కణ్ణుంచొచ్చారు?’ అని అడిగినవాళ్లు ఎక్కువ.

ఎక్కణ్ణుంచొచ్చారో చెప్పడం కష్టం కాదు. 2005 జూన్‌లో దక్షిణ బస్తర్‌లో సల్వాజుడుం మొదలైంది. ఊళ్లు తగలబడ్డాయి, జనాన్ని రోడ్డు పక్క క్యాంపులకి తోలారు. క్యాంపుకెళ్తే ఒకళ్లు చంపుతారు, వెళ్లకపోతే ఇంకొకళ్లు చంపుతారు. వేలమంది అడవి దాటి ఖమ్మం, వరంగల్ వైపొచ్చారు. కొంతమంది అంతకు ముందునుంచే మిరపకోతలకి వచ్చిపోయేవాళ్లు. సల్వాజుడుం పద్ధతి రాజ్యాంగవిరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టే చెప్పింది. కానీ దాని వల్ల పారిపోయి వచ్చినవాళ్ల సంగతి? అక్కడ షెడ్యూల్డ్ తెగ. ఇక్కడికొస్తే ఆ హోదా వెంట రాదు, ‘వలసదారు’ అవుతాడు. రెండు వైపులా ఒకే అడవి, ఒకే వాగులు, చాలావరకు చుట్టరికం ఉన్న మాట, కొలుపులు. మధ్యలో ఉన్న గీత వాళ్లు గీసుకున్నది కాదు. ఇక అటవీ హక్కుల చట్టం గడువు గుర్తుందా? 2005 డిసెంబరు 13. సల్వాజుడుం జూన్‌లో మొదలైంది. ఆర్నెల్లలోపు పారిపోయి వచ్చి, చెట్టు కొట్టి, చేను వేసి, దానికి సాక్ష్యం కూడా సంపాదించి ఉండాలి. లేకపోతే ఆక్రమణదారు.

ఆ తీర్మానానికి ఒప్పుకున్నవాళ్లంతా చెడ్డవాళ్లని నేను అనను. వాళ్లకీ పోడు భయాలున్నాయి, కంపా మొక్కలు ఎవరి చేలో నాటతారోనన్న బెంగ ఉంది, కళ్ల ముందే ఒక ఆఫీసరు చనిపోయాడు. నేను చెప్తున్నది ఇంతే: కోపంలో చెయ్యి ఎటు లేస్తుందో ముందే నిర్ణయమైపోయి ఉంటుంది. ఒక మోతుబరి ఒక తహశీల్దారుని చంపాడనుకోండి, ఆ మోతుబరి కులం మొత్తాన్ని జిల్లా దాటించాలని ఏ గ్రామసభా తీర్మానించదు. అక్కడ నేరం ఒక మనిషిది. ఇక్కడ నేరం ఒక జాతిది. ఈ తేడా ఎవరూ చర్చించి పెట్టింది కాదు, అందుకే అంత బలంగా పనిచేస్తుంది.

లెఫ్ట్ మిత్రులు ఇక్కడిదాకా తలాడిస్తూ వచ్చి ఉంటారు. వాళ్లతో నా తగాదా చెప్పాల్సిన చోటు ఇదే. చర్ల, దుమ్ముగూడెం అడవుల్లో ఇన్నేళ్లలో ‘ఇన్‌ఫార్మర్’ అన్న ఒక్క మాట మీద చచ్చిపోయిన ఆదివాసులు ఎంతమంది? శవం పక్కన ఒక లేఖ, అందులో ఆరోపణ, అదే తీర్పు. పోలీసులు పట్టుకుంటే ‘కొరియర్’ కాదని రుజువు చేసుకోవాలి, అన్నలు పట్టుకుంటే ‘ఇన్‌ఫార్మర్’ కాదని రుజువు చేసుకోవాలి. జెండాలు వేరు, ప్రశ్న అడిగే పద్ధతి ఒకటే, జవాబు చెప్పాల్సిన మనిషీ ఒకడే. విముక్తి కోసమని చెప్పుకునే భావజాలం ఆ మనిషినే బోనులో నిలబెట్టినప్పుడు, అది తను ఎవరితో పోరాడుతున్నానంటోందో వాళ్ల అలవాటునే నేర్చుకుందని అర్థం. దీని మీద మన విప్లవ సాహిత్యంలో ఎన్ని కథలొచ్చాయో మీరే లెక్కపెట్టండి, ఎక్కువ సేపు పట్టదు.

ఇంతకీ మొదలుపెట్టింది ముందుమాటల గురించి కదా. ఇవన్నీ కథలకేం సంబంధం అంటారేమో. తెలుగు కథలో కూడా రుజువుల పంపకం ఇలాగే ఉంటుంది. అగ్రహారంలో బామ్మగారి మడి, ఆవకాయ జాడీ, కోస్తా పల్లెలో మేనత్త వాకిట్లో ముగ్గు, అమెరికాలో మంచు చూస్తూ ఊరు తలుచుకోవడం, ఇవి ‘జీవితం’. వీటికి అడుగున వివరణ అక్కర్లేదు. పోడు చేను మీద, మాలపల్లె మీద, దర్గా పక్క సందు మీద కథ రాస్తే వెంటనే ఒక ప్రశ్న: ఇది కథేనా, కరపత్రమా? అంటే అక్కణ్ణుంచి రాసేవాడు ముందు తనది సాహిత్యమేనని రుజువు చూపించాలి, ఆ తర్వాతే లోపలికి. బామ్మగారి మడిలో భావజాలం లేదా? అంతకన్నా చిక్కటిది ఎక్కడుంది? కాకపోతే అది ఇంట్లో సామాను లాగా ఉంది కాబట్టి కంటికి ఆనదు.

పాపికొండల వ్యాసాలు ఇంకో రకం. పోచవరం దగ్గర లాంచీ ఎక్కడం, పొగమంచు, కొండరెడ్ల గుడిసెలు, అమాయకమైన నవ్వు, తిరుగు ప్రయాణంలో కాస్త తాత్వికత. ఆ నవ్విన మనిషి ఇల్లు ముంపు జాబితాలో ఎన్నో నంబరో వ్యాసంలో ఉండదు. ఉంటే అందం చెడిపోతుందని ఎవరో చెప్పారు. ఎవరు చెప్పారు?

ప్రగతిశీల కథల్లో చాలా భాగం చెత్త అన్న మాట మాత్రం నిజమే. ‘అడవిబిడ్డ’ అని మొదలుపెట్టి, మూడో పేజీలో ఒక దళ సభ్యుడొచ్చి ఉపన్యాసం చెప్పి, చివర్లో సూర్యుడు ఎర్రగా ఉదయించే కథలు నేనూ చాలా చదివాను. అవి చెడిపోయింది భావజాలం ఉన్నందుకు కాదు. అందులో ఆదివాసీ మనిషి కాదు, రచయిత సిద్ధాంతానికి జత చేసిన రుజువు కాగితం. మళ్లీ అదే బరువు ఆ మనిషి నెత్తినే. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’లో తన పక్షం ఎక్కడా దాచుకోలేదు. అయినా అందులో మనుషులు రచయిత చెప్పినట్టు వినే బొమ్మలు కారు, వాళ్ల తెలంగాణ మాట వాళ్లదే. పక్షం తీసుకోవడం వల్ల కథ చెడదు, పక్షం తీసుకున్నాక చూడ్డం మానేస్తే చెడుతుంది.

‘అయితే అన్నీ భావజాలమే, తప్పించుకునేదే లేదు, ఇక తేడా ఏముంది?’ అని మా క్యాంటీన్ కుర్రాడు అడిగాడు. తేడా ఉంది. వన్ ఆఫ్ సెవెంటీ తను ఎవర్ని ముందు నమ్ముతుందో బయటికి చెప్తుంది, కాదని రుజువు చెయ్యడానికి ఎదుటివాడికి దారి కూడా వదిలిపెడుతుంది. 90వ సెక్షన్ ఏ దారీ వదల్లేదు. ధరణి అయితే తను ఒక నిర్ణయం తీసుకున్నట్టు కూడా తెరమీద చెప్పలేదు. ఈ మూడూ భావజాలాలే. మొదటిదానితో మా తాత కోర్టుకెళ్లి వాదించుకోగలడు. మూడోదానితో కౌలురైతు వాదించడానికి ఎదురుగా ఎవరూ ఉండేవారు కాదు, ఒక లాగిన్ పేజీ తప్ప. ‘నాకే భావజాలమూ లేదు’ అనే రచయిత ఈ మూడో రకం. ఆయనతో ఎలా మాట్లాడాలో నాకు తెలీదు, ఆయన పక్షమేంటో ఆయనకే చెప్పాల్సి వస్తుంది కాబట్టి.

ఎర్రబోడు మీద ఒక మంచి కథ రావాలని నాకు చాలా కోరికగా ఉంది. అందులో ఆ ఆఫీసరు ఉండాలి, ఆయన జీపు, ఆయన మీద పైవాళ్లు పెట్టిన మొక్కల టార్గెట్లు ఉండాలి. కత్తి పట్టినవాడు ఉండాలి. గ్రామసభలో చెయ్యెత్తిన కోయ రైతు ఉండాలి, ఎందుకెత్తాడో అతని నోటితోనే చెప్పాలి. గుంపులో ఆ రాత్రి పిల్లల్ని ఎత్తుకుని ఎటు పోవాలో తెలీక నిలబడ్డ ఆడవాళ్లు ఉండాలి. ఎవరైనా రాస్తే మొదట నేనే చదువుతాను, సమీక్ష కూడా రాస్తాను. పుస్తకం వెనక అట్ట మీద ‘ఏ ఇజమూ లేని కథ’ అని మాత్రం వేయించకండి.